ఒక్క ఊపిరి ఆగి

ఆమె ఉద్యోగం కాదనడం.

పొద్దున్నే ఇంటిపని ముగించుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, రెండు వీధుల అవతల ఉన్న కోచింగ్ సెంటరుకు వెళ్ళి, మేడమీద గదిలో ఒక అద్దం వెనక కూర్చుని, పైచదువులకు పరదేశాలు వెళ్ళాలనుకునే పిల్లల్ని సాయంత్రం దాకా కాదనేది. కాదనిపించుకోవడానికి పిల్లలు వరసలో నిలబడేవారు. నిజమైన వీసా కిటికీ దగ్గర గట్టెక్కాలంటే ముందు ఈమె కిటికీ దగ్గర నాలుగుసార్లు ఓడిపోవాలని ఆ వీధిలో ఒక నమ్మకం. అందుకే ఆమెను అందరూ ఆఫీసరమ్మ అనేవారు. పాలవాడు కూడా అలాగే పిలిచేవాడు. అసలు పేరు రేషన్ కార్డు మీదే ఉండిపోయింది.

ఆ అద్దం మూతబడిన ఏదో బ్యాంకుది. సెంటరు యజమాని పాతసామాన్ల వాడి దగ్గర కొనుక్కొచ్చి చెక్కగోడలో బిగించాడు. మాట్లాడటానికి అద్దంలో గుండ్రటి కంత. అది కాస్త కిందికి ఉండేది, అవతలివాళ్ళు వంగి మాట్లాడాల్సి వచ్చేది. ఎత్తు సరిచేయిద్దామని యజమాని అంటే ఆమె వద్దంది. వంగితే మనిషి గొంతు మారుతుంది, అక్కడికి వెళ్ళాక ఎలాగూ మారే గొంతే కదా, ఇక్కడే అలవాటు కానివ్వండి అంది.

నిజానికి ఆమె జన్మలో ఒక్క వీసా ఆఫీసర్ని చూడలేదు. పరదేశం సంగతి అటుంచి, పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప పక్క ఊరికైనా కదిలిన మనిషి కాదు. ఒకప్పుడు చిన్న బడిలో పరాయి భాష చెప్పే పంతులమ్మ. బడి మూతబడ్డాక ఈ సెంటరులో ఫోన్లెత్తే పనికి చేరింది. అద్దం వెనక కూర్చునే పెద్దాయనకు చూపు మందగించి మానుకుంటే, ఈ ఒక్కరోజుకీ మీరు కూర్చోండమ్మా అన్నాడు యజమాని. ఆ ఒక్కరోజు ఏళ్ళ తరబడి సాగింది.

ఇంటర్వ్యూ ముగించుకుని వచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడిగేది. ఆఫీసరు కాగితాలు చూస్తూ అడిగిందా, మొహం చూస్తూనా? ఏ మాట దగ్గర కలం ఆగింది? అలా చుక్కచుక్కగా పోగుచేసి, చూడని మనిషిని తనలో కట్టుకుంది. ఆ మనిషికి నవ్వు రాదు, కోపమూ రాదు. చెక్కపలకలాంటి మొహం. కుర్చీలో కూర్చోగానే ఆమె మొహంలోంచి ఇల్లు దిగిపోయేది, పొయ్యి దిగిపోయేది, పెళ్ళినాటి ఫొటోలోని ఆ చిన్న సిగ్గు కూడా దిగిపోయేది. మిగిలేవి రెండు కళ్ళూ, ఒక ప్రశ్నా.

మొదట్లో పిల్లలు జవాబుల్ని ఎక్కాల్లా అప్పజెప్పేవారు. ఈ చదువే ఎందుకు, ఆ దేశమే ఎందుకు, చదువయ్యాక తిరిగొస్తావని నమ్మకమేమిటి. అడగడం పూర్తికాకుండానే జవాబు తన్నుకుంటూ బయటపడేది. బట్టీ అని చెవిటివాడికైనా తెలిసిపోతుంది. అలా అప్పజెప్పినవాళ్ళంతా అక్కడి కిటికీ దగ్గర కాదనిపించుకుని, బిక్కమొహాలతో వెనక్కి వచ్చేవారు.

అప్పుడామె మనుషులు మామూలుగా ఎలా మాట్లాడతారో వినడం మొదలుపెట్టింది. బస్సులో విన్నది. కూరగాయల బండి దగ్గర విన్నది. గుమ్మంలో కూర్చుని పక్కింటావిడతో కబుర్లాడే అత్తగారిని విన్నది. నిజం చెప్పేవాళ్ళు వెంటనే చెప్పరు. ఒక్క ఊపిరి ఆగుతారు. చూపు ఒకసారి కిందికి వాలుతుంది. 'అంటే' అని మొదలుపెడతారు. నడుమ ఎక్కడో మాట దొరక్క తడబడతారు, దొరికాక కాస్త తేలికపడతారు. ఇంతే కదా అనుకుంది. ఇంతే అయితే ఇది నేర్పొచ్చు కదా అని కూడా అనుకుంది.

నేర్పింది. ప్రశ్న వినగానే ఒక్క ఊపిరి. చూపు కిందికీ, మళ్ళీ పైకీ. అంటే. రెండో వాక్యంలో, చదవబోయే చదువు పేరు చెప్పేముందు, చిన్న తడబాటు. ఎంత తడబడాలో కూడా ఆమే చూపించేది, చెప్పులోకి కాలు దూర్చేటప్పుడు బొటనవేలు వెతుక్కుంటుందే, అంత. అంతకన్నా ఎక్కువైతే నత్తి అనుకుంటారు.

పిల్లలు గట్టెక్కడం మొదలుపెట్టారు. మిఠాయి పెట్టెలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేవారు. యజమాని బోర్డు మార్చి, 'ఇచ్చట సహజముగా మాట్లాడుట నేర్పబడును' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. బోర్డు చదివి రిక్షావాళ్ళు కూడా నవ్వుకునేవారు.

ఇంట్లో అత్తగారు మాత్రం ఊరుకునేది కాదు. అబద్ధాన్ని నిజంలా చెప్పించే ఉద్యోగం ఎన్ని ఊళ్ళు వెతికినా ఇంకెవరికీ దొరకదనీ, తన కోడలికి దొరికిందనీ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

"అబద్ధాలు కాదత్తయ్యా," అందొకసారి ఆమె, గిన్నెలు సర్దుతూ. "పిల్లలు చెప్పేది నిజమే. భయంతో అది అబద్ధంలా వినబడుతుంది. నిజాన్ని నిజంలా చెప్పిస్తున్నాను, అంతే."

"నిజానికి కూడా ట్యూషనా తల్లీ," అంది అత్తగారు.

భర్తది ఐసు ఫ్యాక్టరీలో పని. చేపల బేరగాళ్ళకీ మందుల గిడ్డంగులకీ వెళ్ళే పెద్దపెద్ద గడ్డలు అక్కడ తయారయ్యేవి. పొడుగాటి రేకుడబ్బాల్లో నీళ్ళు పోసి ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించుతారు. గడ్డకట్టాక డబ్బాను పైకి లేపి, మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి వంచితే, గడ్డ వదులై, అప్పుడే పుట్టిన దూడలా తడితడిగా నేలమీదికి జారేది. బడి లేని రోజుల్లో ఆయన కూతుర్ని వెంట తీసుకెళ్ళేవాడు. ఆ పిల్ల గోనెపట్టా మీద కూర్చుని, గడ్డల్ని చూస్తూ పొద్దంతా గడిపేది.

ప్రతి గడ్డా అంచుల దగ్గర అద్దంలా ఉండేది. నడుమ మాత్రం నిలువునా ఒక తెల్లటి చార, పొగ నిలబడిపోయినట్టు. అదేంటి నాన్నా అంటే, అది నీళ్ళలో ఉన్న గాలేనమ్మా అన్నాడాయన. చలి నాలుగు పక్కలనుంచీ తోసుకొస్తుంటే పాపం అది మధ్యకి జరిగి జరిగి, ఇక జరిగే చోటు లేక అక్కడే ఉండిపోతుందని చెప్పాడు. పిల్ల గడ్డకు చెవి ఆనించింది. కరుగుతున్న ఐసులో బుడగలు చిటుక్కు చిటుక్కున చిట్లుతున్నాయి. "నిన్నటి గాలి బయటికొస్తోంది నాన్నా," అంది. ఆ రోజునుంచి ఆయనకు కూతురు బుడగ అయింది. ఎదిగి కాలేజీకి వెళ్తున్నా, వీధి చివరనుంచి 'ఒసే బుడగా' అని కేకేసేవాడు.

బుడగ పెద్దదై పుస్తకాల్లో చదివింది. లోకంలో చలి ఎన్నడూ తీరని చోట్ల, మంచుమీద మంచు పడి, అట్టడుగున నలిగి గట్టిపడిన ఐసు ఉంటుంది. అందులో మనుషులింకా ఊళ్ళు కట్టుకోని కాలంనాటి గాలి బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. ఆ ఐసును పొడుగాటి కడ్డీల్లా తవ్వితీసి, ఆ గాలిని విడిపించి, అప్పటి ఆకాశం ఎలా ఉండేదో చదువుతారు. అలాంటి చదువు చెప్పే చోటు ఒక చలిదేశంలో ఉందని తెలుసుకుని, అక్కడికి రాసి, పరీక్షలు రాసి, చివరికి సీటు తెచ్చుకుంది.

ఆ ఇంట్లో మంచు చూసినవాళ్ళు లేరు. ఐసు కోసం అంత దూరమెందుకే, మీ నాన్న టిఫిన్ క్యారియర్లో పెట్టుకొస్తాడు కదా అంది నాయనమ్మ. తండ్రి మాత్రం ఫ్యాక్టరీలో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. మనం రోజూ చేసే గడ్డకి ఒక చదువుందట్రా అన్నాడు.

సీటు వచ్చింది. చదువుకు సాయమూ ఆ చదువుల చోటే ఇస్తానంది. ఇక కావలసింది ఒక్కటే, వచ్చి చదువుకో అని ఆ దేశం వేసే ముద్ర.

తల్లి కూతుర్ని కూడా అందరిలాగే వరసలో నిలబెట్టింది. ఇంటిపిల్ల అని వెసులుబాటు ఇస్తే అక్కడి కిటికీ ఇస్తుందా అన్నది ఆమె లెక్క. పిల్ల వంతు వచ్చి, వంగి, కంతలోంచి తల్లి మొహం చూసి ఫక్కున నవ్వింది. అద్దం వెనక మనిషి నవ్వలేదు. ఐసు చదువే ఎందుకు అని పరాయి భాషలో అడిగింది.

బుడగ చెప్పడం మొదలుపెట్టింది. మొదలూ చివరా లేకుండా చెప్పింది. రేకుడబ్బాల గురించీ, గోనెపట్టా గురించీ, తెల్లచార గురించీ, చెవికి తగిలిన చల్లదనం గురించీ. ఒక వాక్యం పూర్తికాకుండానే ఇంకోదాంట్లోకి దూకింది. పరాయి మాట దొరకనిచోట ఇంటి మాట వాడేసి, నాలుక కరుచుకుని, చేతులతో గాల్లో గడ్డను చెక్కి చూపించింది. వరసలో వెనకున్న పిల్లలు మెడలు చాచి విన్నారు.

అద్దం వెనక తల్లికి లేచి, ఆ చెక్కగోడ చుట్టూ తిరిగి వెళ్ళి, కూతుర్ని కావలించుకోవాలనిపించింది. కానీ కుర్చీలో ఉన్నది తల్లి కాదు. ఆఫీసరమ్మ అదంతా విని, చాలా పొడుగు అంది. చేతులు ఊపకూడదు. ఐసు ఫ్యాక్టరీలో కూలి మనిషి కూతురంటే, అక్కడే పని చూసుకుని ఉండిపోతుందని అనుమానిస్తారు. ఆ చోటి ఆచార్యుల పరిశోధన గురించి చెప్పాలి, దాని పేరుప్రతిష్ఠల గురించి చెప్పాలి. మొత్తం నాలుగు వాక్యాలు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచివస్తూ పిల్ల అడిగింది.

"మరి నాన్న ఫ్యాక్టరీ?"

"అది మనింట్లో చెప్పుకునే సంగతి. అక్కడ చెప్పేది కాదు."

"కానీ అదే కదమ్మా నిజం."

"నిజమే. నిజంలా వినబడొద్దూ మరి?"

ఇన్నేళ్ళుగా అమ్మ చేతిమీదుగా ఎంతమంది వెళ్ళారో చూస్తూ పెరిగిన పిల్ల. తెలియని దారిలో చీకట్లో అమ్మ చెయ్యి పట్టుకున్నట్టు ఆ నాలుగు వాక్యాల్నీ పట్టుకుంది.

భోజనాల దగ్గర తండ్రి నవ్వుతూనే అన్నాడు. "నా ఫ్యాక్టరీని కొట్టేశావటగా?"

"కొట్టెయ్యలేదు. పక్కన పెట్టాను."

"పోన్లే. నాకేం తెలుసు, అద్దం వెనక కూర్చునేది నువ్వు." ఉప్పునీళ్ళకు పగిలిన వేళ్ళను ఒకసారి చూసుకుని, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెకు తరవాత చాలాకాలం గుచ్చుకుంది.

ఆ తరవాత ఇల్లంతా కిటికీ అయింది. జడ అల్లుతూ అడిగేది, బట్టలారేస్తూ అడిగేది, పిల్ల మొహం కడుక్కుని తువ్వాలు వెతుక్కుంటుంటే వెనకనుంచి అడిగేది. తిరిగొస్తావని నమ్మకమేమిటి? పిల్ల ఒక్క ఊపిరి ఆగేది. నీళ్ళు కారుతున్న మొహంతోనే చూపు కిందికి వాల్చి ఎత్తేది. అంటే. రెండో వాక్యంలో తడబడేది. మొదట్లో ఆ తడబాటులో తొందర ఉండేది, రానురాను అది పాటలో సంగతిలా కుదిరింది. సెంటరుకు వచ్చిన పిల్లలందరిలోకీ బాగా వచ్చింది బుడగకే. యజమాని ఒకరోజు తలుపు దగ్గర నిలబడి విని, ఇలాంటి సహజత్వం నేనింతవరకూ చూడలేదమ్మా అన్నాడు. తల్లి పొంగిపోయింది.

ఇంటర్వ్యూ రోజు సెంటరు పిల్లలు చాలామందికి ఒకే పూట పడింది. వీసా ఆఫీసు ఎత్తైన గోడలున్న కట్టడం. బయట ఒక్క కుర్చీ వెయ్యరు. పెద్దవాళ్ళంతా రోడ్డుకు ఇవతల, జిరాక్సు దుకాణం రేకులకింద నిలబడ్డారు. పిల్ల లోపలికి వెళ్ళేముందు ఆమె కూతురి చున్నీ సర్ది, ఊపిరి మర్చిపోకు అంది. పిల్ల తలూపి నవ్వింది.

కాసేపటికి సెంటరు కుర్రాడొకడు బయటికి వచ్చాడు. నడకలోనే తెలిసిపోయింది. కాగితాలేవో తక్కువై ఉంటాయనుకుంది ఆమె. తరవాత ఇంకో పిల్ల వచ్చి, ఎవరివైపూ చూడకుండా ఆటో ఎక్కేసింది. తరవాత ఇంకొకరు. రేకులకింద నిలబడ్డ పెద్దవాళ్ళు ఆమెవైపు చూడటం మొదలుపెట్టారు. ఆమె గేటువైపే చూస్తూ నిలబడింది. ఒక్కొక్కరే కాదనిపించుకుని వస్తుంటే, పాపిష్ఠి మనసు, మంచిదే, అందర్నీ కాదన్నాక ఒక్కరినైనా ఔననాలి కదా అనుకుంది. అలా అనుకున్నందుకు అక్కడికక్కడే సిగ్గుపడింది.

బుడగ వచ్చింది. కాగితాల సంచీ గుండెకు ఆనించుకుని, రోడ్డు దాటేముందు అటూ ఇటూ జాగ్రత్తగా చూసి, దాటి, తల్లి పక్కన నిలబడింది.

"వెనక్కిచ్చేశారమ్మా."

బస్‌స్టాపులో సిమెంటు బల్లమీద కూర్చున్నాక తల్లి అలవాటు కొద్దీ అడిగింది, ఏ మాట దగ్గర కలం ఆగిందని. పిల్ల చెప్పింది. ఆవిడ అమ్మ వయసే ఉంటుందట. చెక్కమొహం కాదట. పిల్ల రాగానే, బయట ఎండ ఎక్కువగా ఉందా అని నవ్వుతూ అడిగిందట.

"ఐసు చదువే ఎందుకని అడిగింది. నేను చెప్పాను. తడబడ్డాను. అక్కడ ఆవిడ కలం కింద పెట్టేసింది. పొద్దున్నుంచి ఈ కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళలో చాలామంది సరిగ్గా ఇదే చోట తడబడ్డారు, మీకందరికీ ఎవరు నేర్పారు అంది."

"నువ్వేమన్నావు?"

"ఎవరూ నేర్పలేదన్నాను."

"అదెందుకన్నావే?"

"మా అమ్మేనని ఎలా చెప్తానమ్మా?"

బస్సొకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. అది వాళ్ళెక్కాల్సిన బస్సే.

"ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది," అంది పిల్ల. "నువ్వొక్కదానివైనా నిజం చెబుతావనుకున్నాను అంది. అని కాగితాలు తోసేసింది."

తల్లి ఎదురుగా కనబడుతున్న వీసా ఆఫీసు గోడ కేసి చూసింది. ఇన్నేళ్ళూ తను కట్టుకున్న ఆఫీసరు, నవ్వని, అలసిపోని, ఏ మాటా గుర్తుంచుకోని ఆ మనిషి, అసలు ఆ గోడ వెనక ఎన్నడూ లేదు. అక్కడున్నది ఎండ గురించి అడిగే ఒక ఆడమనిషి. ఆవిడా పొద్దంతా మనుషుల్ని వింటుంది. తను బస్సులో విన్నట్టే వింటుంది. ఒకే తడబాటు పదేపదే వింటే ఆవిడకు మాత్రం తెలియదా? ఒక్కరికి నేర్పితే అది ఊపిరి. ఊరందరికీ నేర్పితే అది గుర్తు, గొర్రెల వీపుమీద వేసే రంగులాగ. ఆ రంగు తన చేత్తో తన పిల్లకే అందరికన్నా దిట్టంగా పూసింది.

ఇంటికి వెళ్ళాక తండ్రి కూతురి నెత్తిమీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసి, పంపు దగ్గరికి వెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. దేనికైనా ఒక మాట సిద్ధంగా ఉంచుకునే నాయనమ్మ మనవరాలిని దగ్గరికి లాక్కుని, వీపు నిమురుతూ కూర్చుంది.

సెంటరులో యజమాని ఆమెను ధైర్యంగా ఉండమన్నాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో తనకు అర్థమైందన్నాడు.

"తడబాటు ఒకేచోట పెట్టాం, అదీ తప్పు. ఇకనుంచి ఒక్కొక్కళ్ళకీ ఒక్కో చోట పెట్టండమ్మా. కొందరికి అసలు వద్దు."

ఆయన చాలా శ్రద్ధగా చెప్పాడు. ఆమెకు నవ్వొచ్చింది. అద్దం వెనక ఆ మొహంలో నవ్వు ఎన్నడూ చూడని పిల్లలు, వరసలో నిలబడి, తామూ నవ్వాలో వద్దో తెలియక చూశారు. ఆ నవ్వు ఆగకముందే ఆమె చెంగుతో మొహం కప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంకా ఒక దారి ఉంది. చదువుల చోటు సీటును వచ్చే విడతకు నిలిపి ఉంచుతానని రాసింది, ఇంకోసారి వీసాకు పెట్టుకోమంది. తండ్రి పెట్టుకుందామన్నాడు. ఈసారి మీ అమ్మ ఏమీ నేర్పదు, నీకు తోచింది నువ్వు చెప్పు బుడగా అన్నాడు. తల్లి కూడా అదే అంది. ఆవిడ మళ్ళీ అడిగితే అమ్మే నేర్పిందని చెప్పెయ్యమంది. ఫ్యాక్టరీ గురించి చెప్పమంది, చేతులు ఊపమంది, ఎంత పొడుగైనా చెప్పమంది.

ఒక మధ్యాహ్నం ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తండ్రి గడపమీద కూర్చుని చెప్పు తెగిన చోట కుట్టుకుంటున్నాడు. నేనేమీ అడగనులే, ఊరికే మాకు చెప్పు, నాన్న ఎప్పుడూ నీ నోట పూర్తిగా విననే లేదు అంది తల్లి. పిల్ల సరేనంది.

ఒక్క ఊపిరి ఆగింది. చూపు కిందికి వాల్చి, ఎత్తింది.

"అంటే," అని మొదలుపెట్టింది. రేకుడబ్బాల గురించి చెప్పింది, ఉప్పునీళ్ళ గురించి చెప్పింది. ప్రతి వాక్యమూ పూర్తయింది. చేతులు కదిలాయి, కదలవలసినంతే కదిలాయి. గాలి అనే మాటకు ముందు గొంతు చిన్నగా తడబడి, మాట దొరికి, తేలికపడింది. తెల్లచార దగ్గర కళ్ళు మెరిశాయి. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

తల్లి చేతిలో మడత ఆగిపోయింది. ఇంత బాగా చెప్పినవాళ్ళు తన కిటికీ దగ్గర ఇంకొకరు లేరు.

"బాగా చెప్పావే," అన్నాడు తండ్రి, సూది పక్కన పెట్టి. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "నువ్వు చెబుతుంటే నేనే మళ్ళీ చూసినట్టుంది."

పిల్ల ఆయనవైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది.

"నాన్నా, నేను నిజంగానే చెవి ఆనించి విన్నానా?"

"విన్నావు. నిన్నటి గాలి అన్నావు కూడా."

"ఇప్పుడు చెబుతుంటే ఎవరో నాకు రాసిచ్చినట్టుంది. నాకే అది బట్టీలా వినబడుతోంది." తల్లివైపు తిరిగింది. "ఆ ఊపిరి తియ్యాలని చూశానమ్మా. ఎలా తియ్యాలో తెలియడం లేదు."

ఇన్నేళ్ళుగా ఎంతోమందికి మాట నేర్పిన మనిషికి, నేర్పినదాన్ని వెనక్కి తీసుకోవడం తెలియదు. ఊపిరి ఆగకుండా చెప్పమంటే, ఆపకుండా ఉండటం ఇంకో పాఠమవుతుంది. మరిచిపొమ్మంటే, మరిచిపోవడం ఇంకో పాఠం. మడతపెట్టిన చొక్కా విప్పి, మళ్ళీ అదే మడత పెట్టింది.

పిల్ల రెండోసారి పెట్టుకోలేదు. ఆ కిటికీ ముందు మళ్ళీ నిలబడి, నిజాన్నే అలా చెప్పడం తనవల్ల కాదంది. తండ్రి బతిమాలాడు, ఒకసారి కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. గడువు దాటిపోయింది. ఆ సీటు ఇంకెవరికో వెళ్ళింది. ఆ ఇంకెవరో ఇప్పుడు ఎక్కడో తెల్లటి నేలమీద మోకాళ్ళూని, ఐసులోంచి పాతగాలిని విడిపిస్తూ ఉంటారు.

బుడగ ఊళ్ళోనే నీటి పరీక్షలు చేసే చోట పనికి కుదిరింది. సీసాల్లో వచ్చిన నీళ్ళను పరీక్షించి, తాగొచ్చో కూడదో చెప్పే పని. తల్లి సెంటరు మానేసి, ఇంటి వసారాలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. వీధిలో ఇంకా ఆఫీసరమ్మ అనే పిలుస్తారు, ఆమె పలుకుతుంది. సెంటరులో అద్దం వెనక ఇప్పుడు యజమాని బావమరిది కూర్చుంటున్నాడట. తడబాట్లు చాలా రకాలుగా నేర్పుతున్నాడట.

పిల్లకు అమ్మమీద కోపం ఉందో లేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదట్లో తల్లి అడిగి చూసింది. నామీద కోపమా అంటే, పిల్ల ఒక్క ఊపిరి ఆగి, చూపు కిందికి వాల్చి ఎత్తి, లేదమ్మా అంది. తిన్నావా అంటే ఒక్క ఊపిరి. ఆఫీసులో బాగుందా అంటే ఒక్క ఊపిరి. ఆ పిల్ల కావాలని చెయ్యడం లేదు, ప్రశ్న వినబడితే చాలు, ఒంట్లో ఎక్కడో ఆ తలుపు దానంతటదే మూసుకుని తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక వచ్చే మాట ఔనో కాదో, నిజమో నేర్పినదో, నేర్పిన మనిషికే అంతుపట్టదు.

అందుకని ఆమె అడగడం మానేసింది. టీ తాగుతావా అనదు, టీ పెట్టాను అంటుంది. ఎక్కడికి అనదు, గొడుగు గుమ్మం పక్కనుంది అంటుంది. ఇంటికి తిరిగొచ్చిన కూతురి మొహంలో అలసట కనబడితే, ఏమైందన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగి, మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తుంది. మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళాలని ఉందా అన్న ప్రశ్న ఒకటి ఆమె లోపల ఉంది. దాన్ని అడగడానికి ఆమెకు ఏ భాషా లేదు.

మొన్నొక సాయంత్రం ఇద్దరూ వసారాలో ఉన్నారు. ఆకాశం ఒక పక్కనుంచి నల్లబడుతోంది. పిల్ల మోకాళ్ళమీద గడ్డం పెట్టుకుని ఎటో చూస్తోంది. తల్లి ఆ మొహాన్ని చాలాసేపు చూసి, అడగాలనుకున్నది పక్కకు తోసి,

"వాన వచ్చేలా ఉంది," అంది.

"అవును, బట్టలు తీసేస్తాను," అంది పిల్ల, ఊపిరి ఆగకుండా, వెంటనే, చిన్నప్పటి గొంతుతో.

అని లేచి దండెం దగ్గరికి పరుగెత్తింది. తల్లి కూర్చున్నచోటే కూర్చుని, ఆకాశం గురించి ఇంకేం చెప్పొచ్చా అని వెతుక్కుంటూ ఉండిపోయింది.